ప్లాంట్ మోడల్ చేతిలో లేనప్పుడు ఏ కంట్రోలర్ పెట్టుకోవాలి: పీఐడీ నుంచి రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ దాకా

కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో ఏం నేర్పుతారంటే, ముందు ప్రాసెస్‌కి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రాయాలి (ప్లాంట్ మోడల్ అంటే ఇదే), వాటి నుంచి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, అంటే ఇన్‌పుట్ మారితే అవుట్‌పుట్ ఎలా మారుతుందో చెప్పే సూత్రం తీయాలి, ఆ తర్వాత రీడింగ్ చూసి వాల్వ్‌ని సర్దే కంట్రోలర్ డిజైన్ చేయాలి. తీరా ప్లాంట్‌లో అడుగుపెట్టాక చూస్తే ఆ ఈక్వేషన్లు ఎవరి దగ్గరా ఉండవు, ఉన్నా అవి ఎక్స్‌ఛేంజర్ కొత్తగా ఉన్నప్పుడు రాసినవి, ఇప్పుడు దాని ట్యూబుల్లో మడ్డి పేరుకుపోయింది, క్యాటలిస్ట్ సత్తువ తగ్గింది, ఫీడ్ అయితే ఎప్పుడో మారిపోయింది. అయినా ప్లాంట్ నడుస్తూనే ఉంది కదా. అంటే కచ్చితమైన మోడల్ లేకుండా కంట్రోల్ చేయడం ఏదో నిన్నమొన్న పుట్టిన రీసెర్చ్ టాపిక్ కాదన్నమాట, ఇండస్ట్రీలో చాలా లూపులు (సెన్సర్, కంట్రోలర్, వాల్వ్ కలిసిన చుట్టు) మొదట్నుంచీ నడుస్తున్నదే అలా.

కాకపోతే ఇప్పుడు ఆప్షన్లు ఎక్కువైపోయాయి. పీఐడీ (ప్రపోర్షనల్ ఇంటిగ్రల్ డెరివేటివ్), మాటల్లో చెప్పిన రూల్స్‌తో నడిచే ఫజ్జీ, ఏడీఆర్‌సీ (యాక్టివ్ డిస్టర్బెన్స్ రిజెక్షన్ కంట్రోల్), ఎమ్ఎఫ్ఏసీ (మోడల్ ఫ్రీ అడాప్టివ్ కంట్రోల్), ఇంటెలిజెంట్ పీఐడీ, ఈ మధ్య ఏఐ అనే పేరుతో రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (తప్పొప్పులు చేస్తూ నేర్చుకునేది), ఎవర్ని అడిగితే వాళ్లు తమదే గొప్ప అంటారు. నేను వీటిని చూసే పద్ధతి ఒకటే. మోడల్ అక్కర్లేదు అని చెప్పే ప్రతి మెథడూ మోడల్ బదులు ఇంకేదో అడుగుతుంది. పీఐడీ మీ చేత ఒక చిన్న టెస్ట్ చేయిస్తుంది, ఫజ్జీ మీ సీనియర్ ఆపరేటర్ బుర్రలో ఉన్నదంతా కాగితం మీద పెట్టమంటుంది, ఏడీఆర్‌సీ ముఖ్యంగా ఒక్క నంబర్ అడుగుతుంది, ఎమ్ఎఫ్ఏసీ ఏమో వాల్వ్ తెరిస్తే రీడింగ్ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ఎప్పటికీ మారకూడదు అంటుంది, రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అయితే బోలెడన్ని సార్లు తప్పు చేసే ఛాన్స్ ఇమ్మంటుంది. వీటిలో మీరు ఏది ఇవ్వగలరో చూసుకుంటే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

ముందు వాల్వ్ సంగతి

లూప్ ఊగుతోంది, ఆపరేటర్ విసుగొచ్చి కంట్రోలర్‌ని పక్కనపెట్టి మాన్యువల్‌లో పడేశాడు, మంచి కంట్రోలర్ ఏదైనా చూడండి అని మీకు మెయిల్ వచ్చింది అనుకోండి. వెంటనే కంట్రోలర్ల వేట మొదలుపెట్టొద్దు. లూప్ మాన్యువల్‌లో ఉండగా అవుట్‌పుట్ (వాల్వ్‌కి వెళ్లే సిగ్నల్) కదపకుండా కాసేపు ట్రెండ్ చూడండి. రీడింగ్ ఇంకా ఊగుతూనే ఉంటే ఆ ఊపు బయటనుంచి వస్తోంది, పక్క లూప్ నుంచో అప్‌స్ట్రీమ్ పంప్ నుంచో, ఈ కంట్రోలర్‌ని ఎంత సతాయించినా లాభం లేదు. ఊపు ఆగిపోయిందంటే గొడవ ఈ లూప్‌లోనే ఉంది, అది ట్యూనింగా వాల్వా తేలాలి. అప్పుడు అవుట్‌పుట్‌ని అర శాతం చొప్పున మెల్లగా పెంచుతూ, ఫ్లో ఎక్కడ కదిలిందో రాసుకుని, మళ్లీ అర శాతం చొప్పున తగ్గిస్తూ రండి. రెండు మూడు శాతం మారేదాకా ఫ్లో ఉలకదు పలకదు, ఆ తర్వాత ఒక్కసారిగా గెంతుతుంది అంటే వాల్వ్ పట్టేస్తోంది, ప్యాకింగ్ (కాడ చుట్టూ ఉండే సీల్) బిగుసుకుందో, పొజిషనర్ (వాల్వ్‌ని చెప్పిన చోటికి కదిపే పరికరం) పాడైందో చూడాలి. ఆటోలో ఉన్నప్పటి పాత ట్రెండ్ తీసి చూసినా తెలుస్తుంది, ఫ్లో లూప్‌లో అవుట్‌పుట్ రంపం పళ్లలా, రీడింగ్ చదరపు మెట్లలా కనిపిస్తే వాల్వ్ మీదే అనుమానం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇంటిగ్రల్ యాక్షన్, అంటే తేడా ఉన్నంతసేపూ వాల్వ్‌ని ఇంకా ఇంకా కదిపే గుణం ఉన్న ఏ కంట్రోలర్ అయినా పట్టేసే వాల్వ్ మీద ఊగుతూనే ఉంటుంది. ఏడీఆర్‌సీలో ఇంటిగ్రల్ అనే బ్లాక్ కనిపించదు గానీ లోపల అదే పని జరుగుతుంది, ఎమ్ఎఫ్ఏసీలో కూడా అంతే. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ ఇక్కడ చాలాసార్లు మద్దెల నిజంగానే ఓడు.

పీఐడీ: అందరూ తిట్టేది, అందరూ వాడేది

1922లో మినోర్‌స్కీ ఓడల స్టీరింగ్ మీద పని చేస్తూ, అనుభవం ఉన్న చుక్కాని మనిషి ఇప్పుడున్న తేడా ఒక్కటే చూడడు, అది ఎంతసేపటి నుంచి ఉంది, ఎటు పోతోంది అన్నది కూడా చూస్తాడు అని గమనించి మూడు టర్ముల కంట్రోల్‌కి థియరీ రాశాడు, ఆ మూడే వరసగా పీ, ఐ, డి. 1942లో జీగ్లర్, నికోల్స్ ట్యూనింగ్ రూల్స్ ఇచ్చారు. వాళ్లు కూడా ప్రాసెస్ ఈక్వేషన్ అడగలేదు, గెయిన్ (ఇంత తేడాకి వాల్వ్ ఎంత కదలాలి అన్న లెక్క) పెంచుతూ పోండి, లూప్ ఆగకుండా ఒకే ఎత్తులో ఊగే చోట ఆ గెయిన్, ఆ పీరియడ్ రాసుకోండి అన్నారు, అంతే. నడిచే ప్లాంట్‌లో లూప్‌ని ఆ అంచుదాకా తీసుకెళ్లడానికి ఏ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఒప్పుకుంటాడు చెప్పండి. అందుకే 1984లో ఆస్ట్రోమ్, హాగ్లండ్ చెప్పిన రిలే టెస్ట్, అంటే వాల్వ్‌ని రెండు పొజిషన్ల మధ్య మారుస్తూ లూప్‌ని కొద్దిగా మాత్రమే ఊపే టెస్ట్, చాలా ఉపయోగపడింది, ఇప్పుడు చాలా కంట్రోలర్లలో ఆటోట్యూన్ బటన్ వెనక నడిచేది ఆ రకం టెస్టే.

లెక్క ఒకసారి చేసి చూద్దాం. టెంపరేచర్ లూప్ ఒకటి ఉంది, రిలే టెస్ట్‌లో స్టీమ్ వాల్వ్‌ని మామూలు పొజిషన్ నుంచి 5% పైకి, 5% కిందికి మారుస్తున్నాం, టెంపరేచర్ సెట్‌పాయింట్‌కి (మనకి కావాల్సిన విలువకి) అటూ ఇటూ 2 డిగ్రీలు ఊగుతోంది, ఒక ఊపుకి 6 నిమిషాలు పడుతోంది. అల్టిమేట్ గెయిన్, అంటే లూప్ ఆగకుండా ఊగే ఆ అంచు గెయిన్, 4 ఇంటూ 5 ని 3.14 ఇంటూ 2 తో భాగించడం, సుమారు 3.18 వస్తుంది, అంటే డిగ్రీ తేడాకి 3.18 శాతం వాల్వ్. జీగ్లర్ నికోల్స్ పీఐ (డి టర్మ్ లేని పీఐడీ) రూల్ ప్రకారం గెయిన్ 0.45 రెట్లు, 1.43, ఇంటిగ్రల్ టైమ్ (ఇది తగ్గితే ఇంటిగ్రల్ పని వేగమవుతుంది) 6 ని 1.2 తో భాగిస్తే 5 నిమిషాలు. ఇదే డేటాని టైరస్, లూబెన్ రూల్‌లో పెడితే గెయిన్ 3.18 భాగించు 3.2, దాదాపు 1, ఇంటిగ్రల్ టైమ్ 2.2 రెట్లు, అంటే 13.2 నిమిషాలు. ఒకే టెస్ట్, రెండు జవాబులు, మొదటిది దూకుడుగా ఉండి సెట్‌పాయింట్ దాటి ఊగుతుంది, రెండోది నిదానంగా వెళ్తుంది కానీ ప్లాంట్ కాస్త మారినా తట్టుకుంటుంది. ప్రాసెస్ ప్లాంట్‌లో నేనైతే రెండోదానితో మొదలుపెట్టి, మరీ నీరసంగా ఉంటే కొంచెం పెంచుకుంటా.

డి టర్మ్ గురించి రెండు మాటలు చాలు. ఫ్లో, ప్రెషర్ లాంటి గోల ఎక్కువగా ఉండే సిగ్నల్స్ మీద సున్నా పెట్టేయండి, టెంపరేచర్ లాంటి నిదానమైన వాటి మీద ఫిల్టర్‌తో పాటు వాడండి, అది కూడా ఎర్రర్ (సెట్‌పాయింట్‌కీ రీడింగ్‌కీ ఉన్న తేడా) మీద కాకుండా రీడింగ్ మీద పెట్టండి, లేకపోతే సెట్‌పాయింట్ మార్చినప్పుడల్లా వాల్వ్ ఎగిరిపడుతుంది. వైండప్ ప్రొటెక్షన్, అంటే వాల్వ్ చివరికంటా వెళ్లాక కూడా ఇంటిగ్రల్ పేరుకుపోకుండా ఆపే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. పీఐడీ పనికిరాదు అని వచ్చే కంప్లైంట్లలో చాలా వాటికి కారణం ఇవే, అంటే పీఐడీ తప్పు కాదు, దాని చుట్టూ ఉండాల్సిన చిన్నచిన్న ఏర్పాట్లు ఎవరూ చేయలేదు అంతే.

మరి పీఐడీ నిజంగా ఎక్కడ చతికిలపడుతుంది? ఒకటి, ప్రాసెస్ గెయిన్ (వాల్వ్ ఇంత కదిపితే రీడింగ్ ఎంత మారుతుంది అన్నది) ఆపరేటింగ్ పాయింట్‌ని బట్టి విపరీతంగా మారే చోట. రెండు, డెడ్ టైమ్ (వాల్వ్ కదిపాక రీడింగ్ కదలడం మొదలయ్యేదాకా పట్టే ఆలస్యం) మిగతా అన్నిటికంటే పెద్దగా ఉన్న చోట. మూడు, ఒక వాల్వ్ కదిపితే నాలుగు రీడింగులు కదిలే చోట. నాలుగు, అసలు కొలవాల్సింది ఆన్‌లైన్‌లో కొలవలేని చోట. ఈ నాలుగూ వేర్వేరు జబ్బులు, వాటికి మందులు కూడా వేర్వేరే, కొత్త కంట్రోలర్ అమ్మేవాళ్లు మాత్రం నాలుగింటికీ ఒకే సీసా చూపిస్తారు.

గెయిన్ మారిపోయే ప్రాసెస్: పీహెచ్ ఉదాహరణ

పీహెచ్ లాగ్ స్కేల్ కదా. బఫర్ (పీహెచ్ మారకుండా అడ్డుపడే పదార్థం) ఏమీ లేని స్ట్రాంగ్ యాసిడ్ నీళ్లని 3 నుంచి 4 కి తేవాలంటే లీటర్‌కి సుమారు 0.0009 మోల్ క్షారం కావాలి, అదే 6 నుంచి 7 కి తేవాలంటే దాదాపు 0.000001 మోల్ చాలు. సుమారు వెయ్యి రెట్ల తేడా. అంటే 3 దగ్గర చక్కగా ట్యూన్ చేసిన గెయిన్ 7 దగ్గర పిచ్చిపట్టినట్టు ఊగుతుంది, 7 దగ్గర ట్యూన్ చేస్తే 3 నుంచి కదలడానికి పూటంతా పడుతుంది. పైగా వచ్చే నీళ్లలో కార్బొనేట్లు లాంటివి ఉంటే కర్వ్ ఆకారమే మారిపోతుంది, అది రోజూ ఒకేలా ఉండదు.

ఇక్కడ చాలామంది నేరుగా అడాప్టివ్ (నడుస్తూ తనని తానే సర్దుకునే) కంట్రోలర్ వైపు వెళ్తారు. నన్ను అడిగితే ముందు గెయిన్ షెడ్యూలింగ్, అంటే పీహెచ్ రేంజ్‌ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో గెయిన్ ఇవ్వడం, ఇప్పుడున్న డీసీఎస్‌లోనే (ప్లాంట్ లూపులన్నీ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) అయిపోతుంది, ఎవరికైనా అర్థమవుతుంది. అది కూడా చాలకపోతే సమస్య కంట్రోలర్‌ది కాకపోవచ్చు, ట్యాంక్ చిన్నదై ఉండొచ్చు, మిక్సింగ్ సరిగ్గా లేకపోవచ్చు, ఒకే పెద్ద వాల్వ్‌తో ముతక పనీ సన్న పనీ రెండూ చేయించాలని చూస్తూ ఉండొచ్చు. రెండు ట్యాంకులు వరసగా పెట్టి, మొదటి దాంట్లో పెద్ద వాల్వ్‌తో దగ్గరికి తెచ్చి, రెండో దాంట్లో చిన్న వాల్వ్‌తో సరిచేస్తే ఏ అల్గారిథమ్ ఇవ్వలేనంత ప్రశాంతత వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా ఫీడ్ కర్వ్ రోజూ మారుతోంది అంటే అప్పుడు ఎమ్ఎఫ్ఏసీ లాంటి అడాప్టివ్ వాటికి నిజమైన చోటు ఉంది.

ఫజ్జీ: మనిషి నడపగలిగి, లెక్క నడపలేని చోట

1965లో జాదే ఫజ్జీ సెట్స్ గురించి రాస్తే, 1970లలో లండన్‌లో మమ్దానీ దాన్ని చిన్న స్టీమ్ ఇంజన్ మీద పెట్టి చూపించాడు. కానీ ఇండస్ట్రీలో దీనికి పేరు తెచ్చింది సిమెంట్ కిల్న్, డెన్మార్క్ కంపెనీ ఎఫ్ఎల్ స్మిత్ 1980 ప్రాంతంలో నిజమైన కిల్న్ మీద నడిపించింది. ఎందుకు కిల్న్ అంటే, బర్నింగ్ జోన్‌లో మెటీరియల్ 1450 డిగ్రీల దగ్గర ఉంటుంది, లోపలంతా దుమ్ము, థర్మోకపుల్ పెట్టి నమ్మకంగా కొలిచే దారి లేదు, క్లింకర్ సరిగ్గా కాలిందో లేదో చెప్పే ఫ్రీ లైమ్ టెస్ట్ ల్యాబ్ నుంచి ఆలస్యంగా వస్తుంది. కానీ బర్నర్ దగ్గర ఏళ్లతరబడి కూర్చున్న మనిషి కిల్న్ మోటార్ తీసుకునే కరెంట్ చూస్తాడు, లోపల బాగా కాలితే మెటీరియల్ జిగటగా మారి గోడ పట్టుకుని పైకి ఎక్కుతుంది కాబట్టి టార్క్ పెరుగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్ రీడింగ్ చూస్తాడు, వెనకవైపు ఆక్సిజన్ చూస్తాడు, ఈ మూడూ కలిపి "కాస్త చల్లబడుతోంది, బొగ్గు కొంచెం పెంచు" అంటాడు. ఆ "కాస్త", ఆ "కొంచెం" అలాగే తీసుకుని నంబర్లుగా మార్చేదే ఫజ్జీ.

కాబట్టి ఫజ్జీకి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నకి చాలా సింపుల్ పరీక్ష ఉంది: మీ దగ్గర ఆ లూప్‌ని మాన్యువల్‌లో ఆటో కంటే బాగా నడిపే మనిషి ఉన్నాడా, ఉంటే తను ఏం చూసి ఏం చేస్తున్నాడో మాటల్లో చెప్పగలడా. రెండింటికీ అవును అయితే ఫజ్జీ మంచి ఎంపిక. లేదంటే మీరు రాసే రూల్స్ ఊహలే, అప్పుడు ఎర్రర్, ఎర్రర్ మార్పు అనే రెండు ఇన్‌పుట్లతో 49 రూల్స్ టేబుల్ వేసి ట్యూన్ చేయడం మొదలవుతుంది, చివరికి తేలేది వంకరటింకర గెయిన్ ఉన్న పీఐ కంట్రోలర్, దానికి పట్టే టైమ్ మాత్రం పదింతలు. ఇలాంటి పనికిమాలిన పేపర్లు బోలెడు వస్తుంటాయి, సిమ్యులేషన్‌లో సరిగ్గా ట్యూన్ చేయని పీఐడీని పక్కన పెట్టి ఫజ్జీ గెలిచింది అని చూపిస్తారు.

ఇంకో ఇబ్బంది రూల్స్ పాతబడటం. ఫ్యూయల్ మారితే, బర్నర్ మారితే రూల్స్ మళ్లీ చూడాలి, ఆ రూల్స్ చెప్పిన మనిషి అప్పటికి రిటైర్ అయిపోయి ఉంటాడు. కాబట్టి ఒక్కో రూల్ పక్కన ఎందుకు రాశారో కారణం కూడా రాసి పెట్టుకోండి.

ఏడీఆర్‌సీ: తెలియనిదంతా ఒక మూటలో

చైనాలో హాన్ జింగ్‌చింగ్ తెచ్చిన పద్ధతి ఇది, 2003లో గావ్ జీచియాంగ్ దీని ట్యూనింగ్‌ని బ్యాండ్‌విడ్త్ (లూప్ ఎంత వేగంగా స్పందించాలి అన్న) లెక్కలోకి తెచ్చి బాగా సులువు చేశాడు. ఐడియా నాకు బాగా నచ్చుతుంది. రీడింగ్ మారే వేగాన్ని రెండు ముక్కలుగా చూస్తారు, ఒకటి మన వాల్వ్ వల్ల వచ్చేది, రెండోది మిగతా ప్రపంచమంతా కలిపి, అంటే ఫీడ్ మారడం, వాతావరణం, మనకి తెలియని కెమిస్ట్రీ, అన్నీ. ఆ రెండో మూట ఎంత ఉందో అబ్జర్వర్ అనే లెక్క, రీడింగునీ వాల్వ్ సిగ్నల్‌నీ చూసి, ప్రతి క్షణం అంచనా వేస్తుంది, కంట్రోలర్ దాన్ని తీసేసి మిగిలినదాన్ని సింపుల్‌గా నడుపుతుంది. మూట లోపల ఏముందో విప్పి చూడక్కర్లేదు.

అడిగే నంబర్ ఏంటంటే బీ జీరో, వాల్వ్ ఒక శాతం కదిపితే రీడింగ్ ఎంత వేగంతో కదలడం మొదలవుతుంది అన్నది. అది తీయడం కష్టమేం కాదు, అంతా నిలకడగా ఉన్నప్పుడు వాల్వ్ 10% పెంచండి, టెంపరేచర్ నిమిషానికి అర డిగ్రీ చొప్పున పెరగడం మొదలైంది అనుకోండి, బీ జీరో 0.05. తర్వాత లూప్ ఎంత స్పీడ్‌గా ఉండాలో ఒక నంబర్, పది నిమిషాల టైమ్ కాన్‌స్టంట్ కావాలంటే నిమిషానికి 0.1, అబ్జర్వర్ స్పీడ్ దానికి మూడు నుంచి ఐదు రెట్లు. మొత్తం మూడు నాబ్‌లు, మూడింటికీ అర్థం ఉంది, పీఐడీ నాబ్‌ల కంటే ఆపరేటర్‌కి చెప్పడం సులువు. బీ జీరోని అసలు కంటే బాగా తక్కువ ఇస్తే వాల్వ్ దూకుడుగా కొడుతుంది, ఎక్కువ ఇస్తే నిదానిస్తుంది, కాబట్టి అనుమానం ఉంటే ఎక్కువ వైపే ఉండండి.

మోటార్లు, సర్వోల లాంటి చోట్ల ఇది బాగా కుదిరింది, 2013లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన మోటార్ కంట్రోల్ చిప్స్‌లో ఈ రకం కంట్రోలర్‌ని ఇచ్చింది కూడా. కెమికల్ ప్లాంట్‌కి వచ్చేసరికి రెండు జాగ్రత్తలు. అబ్జర్వర్ స్పీడ్ పెంచేకొద్దీ ట్రాన్స్‌మిటర్ నాయిస్ మొత్తం వాల్వ్‌కి చేరుతుంది, వాల్వ్ రోజంతా వణుకుతూ ప్యాకింగ్ అరిగిపోతుంది. రెండోది డెడ్ టైమ్, వాల్వ్ ఇప్పుడు కదిపాం, రీడింగ్ మూడు నిమిషాల తర్వాత కదిలింది, ఈ మధ్యలో అబ్జర్వర్ ఏమనుకుంటుందంటే బయటనుంచి ఏదో డిస్టర్బెన్స్ వచ్చి మన వాల్వ్ ప్రభావాన్ని మింగేసింది అని, దాంతో ఇంకా తెరుస్తుంది. అబ్జర్వర్‌కి ఇచ్చే వాల్వ్ సిగ్నల్‌ని కూడా అంతే ఆలస్యం చేసి ఇవ్వడం ఒక మార్గం, కానీ అలా చేశామంటే డెడ్ టైమ్ ఎంతో మనకి తెలిసినట్టే కదా, మోడల్‌లో ఒక ముక్క వెనక గుమ్మంలోంచి వచ్చేసింది.

ఫ్రాన్స్‌లో ఫ్లీస్, జోయన్ చెప్పిన ఇంటెలిజెంట్ పీఐడీ కూడా ఈ కుటుంబమే, మూటని అబ్జర్వర్‌తో కాకుండా సిగ్నల్ డెరివేటివ్ నుంచి కొద్దిసేపటి డేటాతో అంచనా వేస్తుంది. దాని సింపుల్ రూపాన్ని శాంపిల్ చేసి చూస్తే మామూలు పీఐ కంట్రోలర్‌కి దగ్గరగా వస్తుందని ఆ పద్ధతి తెచ్చినవాళ్లే చూపించారు. అందుకే సరిగ్గా ట్యూన్ చేసిన పీఐ మీద వీటితో అద్భుతాలు ఆశించొద్దు. లాభం ఎక్కడంటే ట్యూనింగ్ సులువవుతుంది, సెట్‌పాయింట్ పని, డిస్టర్బెన్స్ పని విడివిడిగా చూసుకోవచ్చు.

ఎమ్ఎఫ్ఏసీ: నడుస్తూ నేర్చుకునేది

1994లో హౌ జోంగ్‌షెంగ్ మొదలుపెట్టింది. దీనికి కావాల్సింది ఇన్‌పుట్ అవుట్‌పుట్ డేటా మాత్రమే. ప్రతి శాంపిల్‌కీ, వాల్వ్ ఇంత మారితే రీడింగ్ ఇంత మారింది అన్న నిష్పత్తిని కొత్తగా అంచనా వేసుకుంటూ, దాన్ని బట్టి తర్వాతి కదలిక వేస్తుంది. గెయిన్ నెమ్మదిగా మారిపోయే ప్రాసెస్‌కి ఇది సహజంగా సరిపోతుంది. పేర్లు మాత్రం కలిపేసుకోకండి, సైబోసాఫ్ట్ అనే కంపెనీ ఎమ్ఎఫ్ఏ వేరు, ఈ ఎమ్ఎఫ్ఏసీ వేరు, పైన చెప్పిన ఫ్లీస్ వాళ్లది మోడల్ ఫ్రీ కంట్రోల్ అనే పేరుతోనే ఉంటుంది కానీ అది ఇంకోటి, కొటేషన్ వచ్చినప్పుడు ఏది అని అడిగి రాయించుకోండి.

చూసుకోవాల్సింది ఏంటంటే ఆ నిష్పత్తి గుర్తు, ప్లస్సో మైనస్సో, మారకూడదు. కంబషన్‌లో గాలి పెంచుతూ పోతే ఫర్నేస్ టెంపరేచర్ ముందు పెరిగి, ఒక పాయింట్ దాటాక తగ్గుతుంది, అలాంటి కొండ ఆకారం ఉన్న చోట ఇది శిఖరం దాటిందంటే ఎటు తిప్పాలో తెలియక తప్పు వైపు తిప్పుతుంది. రెండో సమస్య, ప్లాంట్ చాలాసేపు ప్రశాంతంగా ఉంటే కొత్త సమాచారం రాదు, వచ్చేదంతా నాయిసే, ఆ నాయిస్‌నే నిజమనుకుని నిష్పత్తిని ఎటో తీసుకుపోవచ్చు, తర్వాత పెద్ద డిస్టర్బెన్స్ వచ్చినప్పుడు కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. అందుకే మార్పు చిన్నగా ఉన్నప్పుడు నేర్చుకోవడం ఆపేసే ఏర్పాటు, నిష్పత్తికి కింద పైన హద్దులు, ఈ రెండూ లేకుండా ఆన్ చేయొద్దు.

రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్

ఇక్కడ నిజంగా జరిగిన పని ఒకటి ఉంది. 2022లో జపాన్‌లో యోకోగావా, జేఎస్ఆర్ కలిసి ఒక కెమికల్ ప్లాంట్ డిస్టిలేషన్ భాగాన్ని రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ ఏఐతో వరసగా 35 రోజులు నడిపారు, అంతకుముందు అక్కడ వాల్వులు మనుషులు చేత్తో సర్దేవాళ్లు. కొట్టిపారేసే విషయం కాదు. కానీ ఆ ఏఐ ముందు నేర్చుకున్నది సిమ్యులేటర్ మీద, ఆ తర్వాతే ప్లాంట్ మీదకి వచ్చింది. సిమ్యులేటర్ అంటే మోడలే కదా. అల్గారిథమ్ మోడల్ ఫ్రీ కావచ్చు, ప్రాజెక్ట్ మాత్రం కాదు. నేరుగా నడిచే రియాక్టర్ మీద తప్పులు చేసుకుంటూ నేర్చుకోమని ఎవరూ వదలరు, వదలకూడదు కూడా.

కాబట్టి మంచి సిమ్యులేటర్, హిస్టోరియన్‌లో (ప్లాంట్ రీడింగులు దాచే డేటాబేస్) ఏళ్ల డేటా, దాన్ని చూసుకునే టీమ్ ఉండి, ఇప్పటిదాకా ఏ కంట్రోల్‌కీ లొంగక మాన్యువల్‌లోనే ఉన్న సెక్షన్ అయితే ఆలోచించండి. ఒక్క లెవెల్ లూప్ కోసం దీని దాకా పోవడం దండగ.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

సెట్‌పాయింట్ ఎంత ఉండాలో మీకే తెలియకపోతే, అంటే ఎఫిషియెన్సీ గరిష్ఠంగా ఉండే పాయింట్‌ని వెతుకుతూ ఉండాలి అంటే, పైన చెప్పిన కంట్రోలర్లు ఏవీ కాదు, ఎక్స్‌ట్రీమమ్ సీకింగ్ కావాలి. ఇన్‌పుట్‌ని కొంచెం ఊపి, ఫలితం ఏ వైపు మెరుగైందో చూసి అటు జరుగుతుంది. సోలార్ ఇన్వర్టర్లు గరిష్ఠ పవర్ పాయింట్ వెతికేది ఇలాంటి పద్ధతితోనే. ఎమ్ఎఫ్ఏసీ తడబడిన ఆ కొండ శిఖరం దీనికి ఇల్లు లాంటిది. చాలా నిదానం మాత్రం, కింద మామూలు లూపులు గట్టిగా ఉంటేనే పని చేస్తుంది.

బ్యాచ్ ప్రాసెస్ అయితే, ఒకే రెసిపీ మళ్లీ మళ్లీ నడుస్తుంటే, ఇటరేటివ్ లెర్నింగ్ కంట్రోల్ చూడండి, 1984లో అరిమోటో రోబోల కోసం చెప్పింది. పోయిన బ్యాచ్‌లో నలభయ్యో నిమిషంలో టెంపరేచర్ ఎంత తక్కువైందో గుర్తుపెట్టుకుని ఈ బ్యాచ్‌లో దానికి కాస్త ముందే స్టీమ్ పెంచుతుంది. ఫీడ్‌బ్యాక్ కంట్రోలర్ ఏదైనా తప్పు జరిగాకే కదులుతుంది, ఇది తప్పు జరిగే టైమ్ తెలిసి ముందే కదులుతుంది, బ్యాచ్ వాళ్లకి ఇంత తేలికైన లాభం ఇంకోటి లేదు, ఎందుకో తక్కువమంది వాడతారు.

ఇప్పుడున్న పీఐడీనే ఉంచి, ప్లాంట్‌ని కదపకుండా డేటాతో ట్యూన్ చేయాలంటే వర్చువల్ రిఫరెన్స్ ఫీడ్‌బ్యాక్ ట్యూనింగ్ అని 2002లో వచ్చింది ఒకటి ఉంది, ఒక్క సెట్ డేటా చాలు, కానీ ఆ డేటాలో వాల్వ్ బాగా కదిలి ఉండాలి, నెలంతా గీత గీసినట్టున్న ట్రెండ్ ఇచ్చి ట్యూన్ చేయమంటే ఏదీ చేయలేదు.

డెడ్ టైమ్ పెద్దదైతే మాత్రం నిజం చెప్పాలి, ఏ కంట్రోలరూ డెడ్ టైమ్ అయ్యేలోపు ఫలితం చూపించలేదు. లూప్‌ని నిదానంగా ట్యూన్ చేసుకోవడమో, 1957 నాటి స్మిత్ ప్రిడిక్టర్ (మోడల్‌తో ఆలస్యాన్ని ముందే లెక్కగట్టేది) పెట్టి దానికి కావాల్సిన మోడల్ ఇవ్వడమో, సెన్సర్‌ని దగ్గరికి జరపడమో చేయాలి. మూడోది కుదిరితే అదే చేయండి.

నాలుగైదు లూపులు ఒకదాన్నొకటి లాగుతూ, పైగా లిమిట్స్‌కి ఆనుకుని నడపాలి అంటే మోడల్ వద్దు అనే పట్టుదల వదిలేయడమే మేలు. ఎమ్‌పీసీ (మోడల్‌తో ముందుచూపు చూసి నడిపే మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్) అంటే ఫిజిక్స్ ఈక్వేషన్లు రాయాలేమో అని భయపడతారు గానీ, షెల్ ఆయిల్ కంపెనీలో కట్లర్, రామేకర్ 1970లలో చేసిన డీఎమ్‌సీ (డైనమిక్ మ్యాట్రిక్స్ కంట్రోల్, ఎమ్‌పీసీలో ఒక రకం) స్టెప్ టెస్ట్ రికార్డులతోనే నడిచేది, వాల్వ్ కదిపి రీడింగ్ ఎలా పోయిందో ఆ నంబర్లే మోడల్. అది కచ్చితమైన మోడల్ అని ఎవరూ అనరు, సరిపోయే మోడల్ అంతే.

తేల్చుకోవడం

లూప్ మామూలుది, ఒక ఇన్‌పుట్ ఒక అవుట్‌పుట్, కానీ సరిగ్గా నడవట్లేదు అంటే వాల్వ్ చూసి పీఐ ట్యూన్ చేయండి, ఇంకేం వద్దు. గెయిన్ మారుతోంది, అది దేన్ని బట్టి మారుతోందో మీకు తెలుసు అంటే గెయిన్ షెడ్యూలింగ్. దేన్ని బట్టో తెలియదు, నిదానంగా మారుతోంది, గుర్తు మారదు అంటే ఎమ్ఎఫ్ఏసీ. డిస్టర్బెన్సులు ఎక్కువ, కొలత శుభ్రంగా ఉంది, డెడ్ టైమ్ చిన్నది అంటే ఏడీఆర్‌సీ. కొలత సరిగ్గా లేదు గానీ మనిషి బాగా నడుపుతున్నాడు అంటే ఫజ్జీ. రెండిటి మధ్య ఊగుతుంటే, రాత్రి షిఫ్ట్‌లో ఏదైనా తేడా వస్తే అక్కడున్నవాళ్లు అర్థం చేసుకోగలిగేది తీసుకోండి, పర్ఫార్మెన్స్‌లో కాస్త తక్కువైనా సరే.

ఏది తీసుకున్నా పెట్టే పద్ధతి ఒకటే. మొదట కొత్త కంట్రోలర్‌ని వాల్వ్‌కి కలపకుండా పక్కన నడపండి, అది ఏం చేసేదో, పాతది ఏం చేసిందో ఒకే ట్రెండ్‌లో చూడండి, ఎక్కడైనా వింత కోరిక కోరితే అక్కడే దొరికిపోతుంది. కలిపాక అవుట్‌పుట్ మార్పుకి ఒక శాంపిల్‌కి ఇంత అని హద్దు, మొత్తానికి పైన కింద హద్దు పెట్టండి. రీడింగ్ ఫ్రీజ్ అయినా, సెన్సర్ తెగినా దానంతట అదే పాత పీఐడీకి జారిపోవాలి, అది కూడా వాల్వ్ గెంతకుండా. ట్రిప్పులు, ఇంటర్‌లాకుల (ప్రమాదం వస్తే ప్లాంట్‌ని ఆపే ఏర్పాట్లు) జోలికి అస్సలు రానివ్వొద్దు, ఐఈసీ 61511 అనే సేఫ్టీ స్టాండర్డ్ కంట్రోల్‌నీ సేఫ్టీనీ విడిగా ఉంచమనేది ఇలాంటి ప్రయోగాల్ని కూడా దృష్టిలో పెట్టుకునే అనుకోవచ్చు. ఒక స్టార్టప్, ఒక ఫీడ్ మార్పు, ఒక లోడ్ తగ్గింపు, మూడూ చూడకుండా పని అయిపోయిందని సంతకం పెట్టకండి. పెట్టాక కూడా పాత పీఐడీ బ్లాక్‌ని డిలీట్ చేయొద్దు, దాని ట్యూనింగ్ నంబర్లు కూడా అక్కడే ఉంచండి.